శంకరం బాబాయ్ హోటల్లో ఏం వండుతారు?

గుంటూరు స్టేషన్లో దిగీ దిగగానే మా కామేశ్వరత్తయ్య నా చెవి దగ్గరికి వంగి, "ఇక్కడ ఎవరేం పెట్టినా ముందు నువ్వు వాసన చూడు. తరవాత నేను తింటాను," అంది. పక్కనే టీ అమ్ముకుంటున్న మనిషి ఆ మాట విని మావైపు అదోలా చూశాడు. అత్తయ్య కూడా అతన్ని అదోలాగే చూసింది.

మాది విజయనగరం. మా ఇంట్లో నీచు ముట్టరు. చేప, మాంసం, గుడ్డు అన్నీ ఆ ఒక్క మాటలోకే వస్తాయి. అత్తయ్య మా నాన్నకు అక్క. నాన్న పోయాక ఇంటికి పెద్దదిక్కు ఆవిడే. తొంభైల చివర్లో, ఒక మాఘమాసంలో మేమిద్దరం చేసిన ప్రయాణం ఇది. అందులో నేను చూసినవాటికంటే అనుమానించినవే ఎక్కువ.

వేసవిలో మా తమ్ముడి పెళ్లి. నాన్న స్థానంలో నిలబడి జరిపించవలసినవాడు శంకరం బాబాయ్. అత్తయ్యకు ఆఖరి తమ్ముడు. చిన్న వయసులోనే ఇల్లు వదిలి వంటపని నేర్చుకుని, చీరాలలో శాకాహార హోటలు పెట్టుకున్నాడు. మాకు తెలిసినంతవరకు పెళ్లి చేసుకోలేదు. మొదట్లో ఏటా వచ్చేవాడు. తరవాత తరవాత రావడం మానేశాడు. సరిగ్గా శుభలేఖలు అచ్చుకు ఇచ్చే సమయానికి మా బంధువొకాయన ఒంగోలు వెళ్లి వచ్చి, శంకరాన్ని చేపల బజార్లో చూశానన్నాడు. ఊరికే నడిచిపోతూ కాదట, సంచీ పట్టుకుని బేరమాడుతున్నాడట.

"ఆ చేత్తో పిల్లాడి నెత్తిన అక్షింతలు వేయిస్తారా?" అని చుట్టాల్లో కొందరు పేచీ పెట్టారు.

ఎస్టీడీ బూత్‌కి వెళ్లి ఫోన్ చేసి అడుగుదామా అన్నాను. "ఫోన్లో మాట వినపడుతుంది గానీ మనిషి కంచం కనపడదు," అంది అత్తయ్య. పెళ్లి పచ్చళ్లకు మిరపకాయలు గుంటూరులోనే కొనాలని ఒక వంక పెట్టుకుని, నన్ను వెంటేసుకుని బయలుదేరింది.

గుంటూరు

మాఘంలో గుంటూరు గాలికి కూడా కారం ఉంటుంది. రిక్షా మిరప యార్డు వైపు తిరిగిందో లేదో ఇద్దరికీ తుమ్ములు మొదలయ్యాయి. రిక్షా అతనికి మాత్రం ఏమీ కాలేదు. ఎర్రటి బస్తాలు రోడ్డు దాకా పేర్చి ఉన్నాయి. వాటి మీదే ఒకాయన తువ్వాలు ముఖాన వేసుకుని హాయిగా నిద్రపోతున్నాడు. మిరపకాయల పని త్వరగానే అయిపోయింది. తొడిమ తీసి, విరిచి, గింజ నాలిక మీద పెట్టుకుని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, "ఇవి మంచివే," అంది అత్తయ్య. ఆ మూడు రోజుల్లో ఆవిడ అనుమానించకుండా ఒప్పుకున్న వస్తువు అదొక్కటే.

చిక్కంతా భోజనం దగ్గర వచ్చింది. మాకు దగ్గర్లో ఉన్న హోటలు బోర్డు మీద ఒక చివర పచ్చటి ఆకు, మరో చివర కోడిపుంజు బొమ్మ వేశారు.

"ఆకూ కోడీ ఒక్క బోర్డు మీద ఉన్నాయంటే ఒక్క పొయ్యి మీదా ఉంటాయి," అంది అత్తయ్య. కానీ ఎండ మాడ్చేస్తోంది, ఆకలి వేస్తోంది. లోపల ప్లైవుడ్ చెక్క అడ్డుపెట్టి, ఇటు శాకాహారం, అటు మాంసాహారం అని రాశారు. చెక్క మీది నుంచి మసాలా వాసన ఇటు కూడా దిగుతోంది. ఇరవై రూపాయల భోజనం. విస్తరి వేసి నీళ్లు చల్లుతున్న మనిషిని అత్తయ్య ఆపింది.

"బాబూ, రెండు వంటలకీ గరిటె ఒకటేనా?"

అతను యజమాని వైపు చూశాడు. గల్లాపెట్టె వెనక నుంచి ఆయనే లేచి వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

"ఏందమ్మా మీ అనుమానం? మా కోడికూర ప్లేటు ఎంత, సాంబారు ఎంత? కోడికూరలో పెట్టిన గరిటె తెచ్చి సాంబార్లో కడుక్కుంటే అంటుకున్న కూరంతా పోద్ది గదా! అట్టా చేస్తే నేను యాపారం చేసినట్టేనా?"

ఆ లెక్క నాకు నచ్చింది. అత్తయ్య మాత్రం ఆయన వెళ్లాక, "ఇంత జవాబు తయారుగా పెట్టుకున్నాడంటే రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారన్నమాట," అని పెరుగన్నం, కందిపొడితో సరిపెట్టుకుంది. నేను పప్పూ పండుమిరప పచ్చడీ కూడా వేయించుకున్నాను. మా వైపు పులుసులోనూ సాంబారులోనూ చిటికెడు బెల్లం పడాల్సిందే. ఇక్కడ ఆ ప్రసక్తే లేదు. రెండో ముద్దకే చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. వడ్డించే మనిషి అడక్కుండానే నెయ్యి గిన్నె వంచి, "బాగా కలుపుకోండమ్మా, మంట తగ్గుద్ది," అన్నాడు. అత్తయ్య ఆ నెయ్యిని వెలుతురు వైపు తిప్పి చూడమంది.

పొన్నూరు

మర్నాడు చీరాల బస్సెక్కాం. దారికి రెండు వైపులా పత్తి లోడు లారీలు, కల్లాల్లో ఆరబోసిన మిరప. పోను పోను ఎరుపు తగ్గి వరి కోసిన మళ్లు వచ్చాయి. పొన్నూరు చేరేసరికి బస్సు టైరు పేలి ఆగిపోయింది. వేరే బస్సు వచ్చేదాకా ఆగమన్నాడు కండక్టరు.

మా ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దాయన, తెల్ల పంచె, చేతిలో బియ్యం నమూనాల పొట్లాలు, మమ్మల్ని చూసి అన్నాడు: "శాకాహారం కోసం చూస్తున్నారా అమ్మా? బస్టాండు హోటళ్లలో మీరు తినలేరు. నాతో రండి, ఇంటి భోజనం చూపిస్తా."

మేము శాకాహారులమని ఆయనతో ఎవరు చెప్పారు? అత్తయ్య నా చెయ్యి గిల్లింది. నేనూ ఆయన్ని కింద నుంచి పైకి చూశాను. అడక్కుండా సాయం చేసే మనిషి అంటే నాకు భయమే. అయినా పట్టపగలు, బజారు నిండా జనం. నాలుగడుగుల దూరం ఉంచుకుని ఆయన వెనకే వెళ్లాం. ఆయన పేరు వెంకట్రావు, బియ్యం వ్యాపారం అని నడుస్తూ చెప్పాడు. ఒక పాత ఇంటి వరండాలో చాపలు పరిచి, పార్వతమ్మ అనే ఆవిడ భోజనం పెడుతోంది. ముద్దపప్పు, దొండకాయ వేపుడు, దోసకాయ పచ్చడి, మజ్జిగ పులుసు. లోపల పూజగది కనిపిస్తోంది. అయినా అత్తయ్య పచ్చడి దగ్గర ఆగిపోయింది.

"రాజీ, ఇదేవిటే?"

పచ్చడిలో ఎర్రగా, సన్నగా, కొక్కెంలా వంగిన తునకొకటి ఉంది. దాన్ని వేలితో తీసి, వరండా చివర ఎండలోకి వెళ్లి చూశాను. వెంకట్రావు గారు నమలడం ఆపి మావైపే చూస్తున్నారు.

"ఎండుమిరప తొడిమమ్మా అది," అన్నారు మెల్లగా.

తొడిమే. నేను సిగ్గుపడి వచ్చి కూర్చున్నాను. అత్తయ్య సిగ్గుపడలేదు. "ఈయన మనకి ఇంత సాయం దేనికి చేస్తున్నాడో కనుక్కో," అంది నాతో, ఆయనకు వినపడేంత గట్టిగానే.

ఆయనే చెప్పారు. "నాకేం లాభం లేదమ్మా. బస్సులో మీ మాటలు వినపడ్డాయి. మా ఆవిడ పోయింది. ఒక్కణ్ణే ఇస్తరి ముందు కూర్చుంటే ముద్ద దిగట్లా. ఎవరన్నా బస్సు దిగి అన్నం కోసం చూస్తుంటే ఇట్టా తీసుకొస్తా. వాళ్ల మాటలు వింటా కాస్త తింటా. అంతే."

అత్తయ్య ఆయన్ని వాళ్లావిడ పేరేమిటని అడిగింది. అన్నపూర్ణ అని చెప్పారు. ఆవిడ వంట గురించి ఆయన చెబుతుంటే అత్తయ్య మజ్జిగ పులుసు రెండుసార్లు వేయించుకుంది. బస్సెక్కాక మాత్రం చేతిసంచీ తెరిచి అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది. అన్నీ ఉన్నాయి.

చీరాల

చీరాలలో ఏ సందులోకి వెళ్లినా మగ్గాల చప్పుడే. సైకిళ్ల మీద నూలు చుట్టలు, రంగు ఆరని పడుగులు. బాబాయ్ పాత చిరునామా చెప్పగానే ఆటో అతను తిన్నగా తీసుకెళ్లి దించాడు. హోటలు బోర్డు మీద మా తాతగారి పేరు, దాని కింద 'శాకాహార భోజనం' అని నీలం అక్షరాలు. అత్తయ్య రోడ్డు మీదే నిలబడి ఆ పేరుకు దణ్ణం పెట్టుకుంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు రోజుల ప్రయాణంలో ఆవిడ ముఖం తేలికపడడం అప్పుడే చూశాను.

గల్లాపెట్టె దగ్గర బాబాయ్ లేడు. వంట దగ్గర ఉంటాడు, పనిలో కదిలించడం దేనికి, తిన్నాక పలకరిద్దాం అనుకుని కూర్చున్నాం. నిజం చెప్పాలంటే అత్తయ్య ముందు వంట రుచి చూసి, తరవాత తమ్ముణ్ణి చూద్దామనుకుంది. గోంగూర కూర వడ్డించారు. ఈసారి నన్ను వాసన చూడమనలేదు. నేను రెండు ముద్దలు తిన్నాను. అంత కమ్మటి గోంగూర అంతకుముందు ఎప్పుడూ తినలేదు. ఏదో ఒక లోతైన రుచి, ఉప్పటి రుచి, ఏమిటో తెలియనిది.

అత్తయ్య ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆగింది. కళ్లజోడు సరిచేసుకుంది.

"రాజీ, తినకు."

"మిరప తొడిమయ్యుంటుంది అత్తయ్యా."

"తొడిమకి కళ్లుండవే!"

చూశాను. గోంగూర మధ్యలో చిటికెన వేలి గోరంత ముక్క. ఒళ్లు ముడుచుకుని ఉంది. ఒక కొసన రెండు నల్లటి చుక్కలు. వడ్డించే మనిషిని పిలిచి చూపించాను.

"రొయ్యపొట్టమ్మా. ఎండు రొయ్యలు. రుచి కోసం గుప్పెడు వేస్తారు," అన్నాడు. మా ముఖాలు చూసి, "వెజ్జేనమ్మా. మాంసం కాదు గదా!" అని కలిపాడు.

అత్తయ్య విస్తరి మీద చేతిలో ముద్ద వదిలేసి లేచి నిలబడింది. "శంకరం ఎక్కడ? బయటికి రమ్మను వాణ్ణి! మా నాన్న పేరు పెట్టుకుని ఈ పని చేస్తాడా!"

తినేవాళ్లంతా తిరిగి చూశారు. లోపలి నుంచి భుజాన తుండుతో ఒకాయన పరుగున వచ్చాడు. బాబాయ్ కాదు.

"శంకరం గారా? ఆయన ఈ హోటలు నాకమ్మేశాడు గదమ్మా. ఒంగోలు అవతల, సముద్రం ఒడ్డున కొత్తపట్నంలో ఉంటున్నాడిప్పుడు."

"మరి ఈ బోర్డు?"

"జనానికి అలవాటైన పేరమ్మా. తీసేస్తే బేరం పోద్ది," అని నసిగాడు. తరవాత అత్తయ్యను మంచి చేసుకుందామనుకున్నాడో ఏమో, "ఆయన మంచోడమ్మా. ఆ టీచరమ్మను చేసుకున్నాక ఇక్కడ ఉండలేకపోయాడు గానీ," అన్నాడు.

అత్తయ్య బల్ల అంచు పట్టుకుంది. "ఏ టీచరమ్మ?"

ఆయనకు తను ఏం వాగాడో అప్పుడు అర్థమైంది. "నాకెందుకులేమ్మా. ఆయన్నే అడగండి," అని లోపలికి తప్పుకున్నాడు. శాకాహారం అన్న మాట చెరిపించమని అత్తయ్య వెనక నుంచి కేకేసింది. "రేపే పెయింటర్ని పిలిపిస్తా," అన్న జవాబు మాత్రం వినపడింది. నేనా మాట నమ్మలేదు.

లాడ్జిలో అత్తయ్య కట్టుబట్టలతోనే తల మీద నీళ్లు కుమ్మరించుకుంది. నా చేత ఉప్పునీళ్లతో పుక్కిలింపించింది. ఆ సాయంత్రం అరటిపళ్లే భోజనం. రొయ్యపొట్టు బాబాయ్ వేసింది కాదు సరే, కానీ పెళ్లి చేసుకుని మాకు చెప్పనివాడు ఇంకేం దాచాడు? నాకు తలలో అదే తిరుగుతోంది. ఆవిడ తలలోనూ అదే అయ్యుంటుంది.

కొత్తపట్నం

రైల్లో ఒంగోలు, అక్కడి నుంచి ఉదయం బస్సు. ఊరు దాటగానే రెండు వైపులా రొయ్యల చెరువులు, నీళ్లు చిలికే చక్రాలు. "చూశావా, పొలాల్లో కూడా అవే పండిస్తున్నారు," అంది అత్తయ్య. మధ్యలో ఖాళీ బుట్టలతో కొందరు చేపలమ్మే ఆడవాళ్లు ఎక్కారు. అత్తయ్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పక్కన కూర్చున్నావిడ తన బుట్టను కాళ్లతో దూరంగా నెట్టి, అత్తయ్య ముఖంలోకి తేరిపార చూసింది.

"మీరు మా పంతులుగారి చుట్టాలా? ముక్కు అచ్చం అట్టానే ఉంది."

"ఏ పంతులుగారు?" అన్నాను.

"హోటలు పంతులుగారు. ఇడ్లీ హోటలు."

"చేపలు పట్టే ఊళ్లో ఇడ్లీ హోటలు ఎవరి కోసమమ్మా?" అంది అత్తయ్య.

ఆవిడ పకపకా నవ్వింది. "ఇంట్లో పొద్దస్తమానం చేపలే గదమ్మా! హోటలుకొచ్చి కూడా చేపలే తినాలంటే ఇంక హోటలెందుకు?"

బస్సులో నలుగురు నవ్వారు. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.

బాబాయ్ హోటలు ఒక రేకుల షెడ్డు. బయట అరుగు మీద వలల మూటలు, చేపల బుట్టలు వరసగా పెట్టి ఉన్నాయి. బుట్టతో లోపలికి రానివ్వరట. లోపల సముద్రంలో చేపలవేట నుంచి వచ్చిన మగవాళ్లు ఉప్పు ఆరిన చేతులు కడుక్కుని ఇడ్లీలు, పూరీలు తింటున్నారు. అత్తయ్య ఎవరినీ చూడకుండా నేరుగా వంటగదిలోకి నడిచింది. బాబాయ్ పొయ్యి ముందు ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది.

"అక్కా!" అన్నాడు. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"పక్కకి జరుగు," అంది అత్తయ్య.

ఇడ్లీ పాత్ర, సాంబారు గిన్నె, చట్నీ, నూనె డబ్బా, పిండి. ఒక్కొక్కదాని మూత తీసి వాసన చూసింది. బాబాయ్ పక్కన నిలబడ్డాడు. గుమ్మం దగ్గర తినేవాళ్లు పళ్లేలు పట్టుకుని చూస్తున్నారు. చివరి మూత పెట్టేసి, అత్తయ్య బయటికొచ్చి బల్ల ముందు కూర్చుంది.

"రెండు ఇడ్లీ పెట్టు."

నాలుగు తింది. సాంబారులో చిటికెడు బెల్లం ఉంది. నేనూ కడుపు నిండా తిన్నాను. హోటలు మీద అత్తయ్యకు అనుమానం తీరిందని ఆవిడ చెయ్యి కడుక్కున్న తీరులోనే తెలిసింది. కాని ఆవిడ వచ్చిన పని అంతటితో అయిపోలేదు. జనం పలచబడ్డాక బాబాయ్‌ని వెనక వైపు గోడ నీడలోకి పిలిచింది.

"హోటలు చూశాను. బాగుంది. ఇప్పుడు చెప్పు. చేపల బజార్లో నీకేం పని?"

బాబాయ్ తల దించుకోలేదు. "కొనడానికి వెళ్లానక్కా."

"ఎవరికి?"

"ఇంటికి. సుశీలకీ, నాకూ."

నేను వినకూడని మాట విన్నట్టు పక్కకు జరిగాను. ఆయన గొంతు మాత్రం వినపడుతూనే ఉంది. సుశీల చర్చి బడిలో టీచరు. భర్త పోయాడు. చీరాల హోటలుకు రోజూ భోజనానికి వచ్చేది. పెళ్లి చేసుకున్నారు. అక్కడ ఆయన కులంవాళ్లూ ఊరుకోలేదు, ఆవిడ వైపువాళ్లూ ఊరుకోలేదు. ఆవిడకు ఇక్కడ బడిలో పని దొరికితే ఇద్దరూ వచ్చేశారు.

"నా కోసం ఆవిడ కొన్నేళ్లు చేప మానేసిందక్కా. నేను అడగలేదు. ఒక పండగ రోజు వాళ్లమ్మ వచ్చి కూర వండితే, అది కూడా తినకుండా పెరుగన్నం కలుపుకుంది. ఆ రోజు నేనే ముందు పెట్టించుకుని తిన్నాను. అప్పటి నుంచి తింటున్నాను. హోటల్లోకి మాత్రం ఆ గిన్నె ఒక్కటీ రాదు. అడిగావు గనక చెబుతున్నాను. అడిగితే చెప్పాల్సొస్తుందనే ఇన్నాళ్లూ రాలేదు."

ఎదురుగా పాడుకుంటూ వల బాగుచేసుకుంటున్న మనిషి పాట ఆపేశాడు. అత్తయ్య సముద్రం వైపు చూస్తూ నిలబడింది. "అబద్ధం చెప్పినా నాకు తెలిసేది కాదు," అంది చివరికి. తరవాత, "పద, ఆవిణ్ణి చూద్దాం," అంది.

సుశీల గారింట్లో

చర్చి వెనక పెంకుటిల్లు. సుశీల గారు బడి నుంచి అప్పుడే వచ్చి ఉన్నారు, సుద్దముక్క పొడి చేతుల మీద అలాగే ఉంది. మమ్మల్ని చూసి గాభరా పడలేదు. కుర్చీలు తుడిచి వేశారు.

"ఈ పొయ్యి మీద మీకు కాఫీ పెట్టనండీ. హోటలు నుంచి తెప్పిస్తాను," అన్నారు.

ఏ వంటగదిలోనైనా దూరి మూతలు తీసే మా అత్తయ్యకు అక్కడ అడగడానికి ఏమీ మిగల్లేదు. "కాఫీ వద్దు. మంచినీళ్లియ్యి," అంది. ఇచ్చిన గ్లాసును పెదవులకు తగలకుండా ఎత్తి పోసుకుని తాగింది. సుశీల గారు అది చూశారు.

అత్తయ్య పెళ్లి సంగతి చెప్పింది. ముహూర్తం చెప్పింది. "వాడొక్కడే కాదు, నువ్వూ రావాలి. పెద్దరికం చెయ్యాల్సినవాళ్లు జంటగా నిలబడాలి," అంది.

ఆ మాటకు బాబాయ్ ముఖం వెలిగింది. సుశీల గారి ముఖం వెలగలేదు. మూడు రోజులుగా మేమిద్దరం హోటలు వాళ్లనీ, బస్సు వాళ్లనీ చూసిన చూపునే ఆవిడ ఇప్పుడు మామీద నిలిపారు.

"నన్ను ఎక్కడ కూర్చోబెడతారండీ?" అన్నారు. "తప్పుగా అడగట్లేదు. తెలుసుకుందామని. నన్ను చూసి మీవాళ్లు లేచిపోతే ఆయన తల ఎక్కడ పెట్టుకోవాలి?"

లేచిపోయేవాళ్లు ఎవరో నాకు పేర్లతో సహా తెలుసు. ఎవరూ లేవరని అత్తయ్య చెప్పేస్తుందని ఎదురు చూశాను. పెళ్లికి పిలిచేవాళ్లెవరైనా అదే చెబుతారు.

"అది ఇప్పుడు చెప్పలేనమ్మా," అంది అత్తయ్య. "లేచేవాళ్లు లేస్తారు. అందరూ నీతో బాగుంటారని అబద్ధం చెప్పి నిన్ను తీసుకెళ్లను. వస్తే నాకు సంతోషం. అంతే చెప్పగలను."

సుశీల గారు ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకున్నారు.

"అందరూ బాగా చూసుకుంటారని చెప్పుంటే వచ్చేదాన్ని కాదండీ," అన్నారు. వస్తానని మాత్రం ఆ రోజు అనలేదు.

తిరుగు రైల్లో అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని కళ్లు మూసుకుంది. నిద్రపోతోందనుకున్నాను. "ఒసేయ్, ఇంట్లో అడిగితే హోటలు సంగతి చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను," అంది కళ్లు తెరవకుండానే. ఆవిడ ఏం చూసుకుంటుందో, ఎలా చూసుకుంటుందో నాకు నమ్మకం కుదరలేదు.

విజయనగరం

ఇద్దరూ వచ్చారు. పెళ్లికి ముందు రోజు దిగారు. చేపల బజారు కథ తెచ్చిన బంధువు అందరి ముందూ అత్తయ్యను అడిగాడు. "అయితే చూశారా? నీచు వండుతున్నాడా లేదా?"

"వంటగదిలో మూతలన్నీ నా చేత్తో తీసి చూశాను. మన ఇంట్లో వంటకంటే శుభ్రంగా ఉంది," అంది అత్తయ్య.

"వండడం సరే. తింటున్నాడా?"

"అది నేనడిగాను, వాడు చెప్పాడు. నీకు కావాలంటే నువ్వెళ్లి అడుగు. బస్సు ఒంగోలు నుంచి ఉంది."

తమ్ముడి నెత్తిన మొదటి అక్షింతలు బాబాయ్, సుశీల గారే వేశారు. అక్కడ ఎవరూ పెదవి విప్పలేదు. భోజనాల దగ్గర మాత్రం జరగనే జరిగింది. సుశీల గారు పంక్తిలో కూర్చోగానే ఆవిడకు అటూ ఇటూ ఉన్న ముగ్గురు ఆడవాళ్లు ఏదో పనున్నట్టు లేచారు. వాళ్లు లేస్తే మరో ఇద్దరు లేచారు. వేసిన విస్తర్లు వేసినట్టే ఉండిపోయాయి. బాబాయ్ వడ్డన దగ్గర సాంబారు గిన్నె పట్టుకుని ఆగిపోయాడు. సుశీల గారు తల ఎత్తలేదు. విస్తరి మీద నీళ్లు చల్లి, అదే పనిగా తుడుస్తున్నారు.

మా ఇంట్లో ఏ పెళ్లిలోనూ అత్తయ్య పంక్తిలో కూర్చుని తినలేదు. అందరివీ అయ్యాక, పెరటి గదిలో, మడిబట్ట కట్టుకుని తినడం ఆవిడ పద్ధతి. ఆ రోజు ఆవిడ లోపలి నుంచి వచ్చింది. ఖాళీ అయిన విస్తర్ల వంక ఒకసారి చూసింది. మోకాళ్ల నొప్పితో గోడ పట్టుకుని, సుశీల గారి పక్కనే ఉన్న విస్తరి ముందు కూర్చుంది. కొంగు సర్దుకుంది.

పప్పు తెచ్చినవాడు పెద్దావిడ కదా అని ముందుగా అత్తయ్య విస్తరి మీదికి వంగాడు. అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు మా మరదలికి వడ్డించు," అంది.